ఉమ్మి పంపిస్తే మన ఊరు చెప్తాదంట! డీఎన్ఏ కిట్ మీద ఒక ప్రొద్దుటూరు అవ్వ రివ్యూ

ముందు స్టార్లు చెప్పేస్తా, అంతా చదివే ఓపిక లేనోళ్ళ కోసం. ఐదుకి రెండున్నర. ఆ అర స్టారు కిట్‌కి కాదు, మా పాప వాళ్ళ పక్కింట్లో ఉండే అమెరికా ఆమెకి. ఎందుకో కింద రాస్తా. కంపెనీ పేరు మాత్రం రాయను, ఇట్లాంటి కిట్లు అమ్మేటోళ్ళు చాలామందే ఉండారు, అందరిదీ ఇంచుమించు ఒకటే యవ్వారం.

మాది ప్రొద్దుటూరు. గవర్నమెంటు స్కూల్లో టీచరుగా చేసి రిటైర్ అయినా. మా పాప రెండో కాన్పుకని అక్టోబర్లో పోయి ఏప్రిల్ దాకా అమెరికాలో, మిన్నెసోటాలో ఉంటిమి నేనూ మా ఆయనా, ఆ చలి గురించి మొదలుపెడితే ఇంకో రివ్యూ అవుతాది వొద్దులే. నవంబర్లో థాంక్స్ గివింగ్ అని వాళ్ళకొక పండగ, ఆ ఆఫర్లో మా పాప రెండు కిట్లు తెప్పించింది, ఒక్కోటి 59 డాలర్లు, అమ్మకొకటి నాయనకొకటి అని. మా ఆయన డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసి "నా ఉమ్మి నేను ఎవరికీ అమ్మను" అని పోయి టీవీ ముందర కూచున్నాడు. అమ్మేది కాదు సామీ, డబ్బులిచ్చి మరీ పంపేది అంటే ఇంకా కోపం వచ్చింది.

డబ్బా చిన్నదే, అరకిలో మిఠాయి డబ్బా అంత. లోపల ఒక ప్లాస్టిక్ గొట్టం, దానికి గరాటు లాంటి మూత, తిరిగి పోస్టులో వేయను ఇంకో అట్టపెట్టె. గొట్టం మీద గీత ఉంటాది, ఆ గీత దాకా ఉమ్మాల. అర్ధగంట ముందు నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు. వినేదానికి ఈజీగా ఉంది గదా, చేసి చూడండి. నాకు అరవై మూడేళ్ళు, ఇంట్లో రాత్రీ పగలూ హీటరు, నోరు బెండులాగా ఎండిపోయింది. దానికి తోడు నురగ లెక్కలోకి రాదంట, నురగ దిగినాక మిగిలింది గీత తాకాలంట. పది నిమిషాలు తంటాలు పడితే సగం కూడా కాలే. అప్పుడు మా పెద్ద మనవరాలు "అవ్వా, ఊరగాయ గుర్తు చేసుకో" అనింది. కండ్లు మూసుకుని మా అత్త రోట్లో దంచే చింతకాయ తొక్కు తలచుకున్నానో లేదో, గీత దాటిపోయింది. కంపెనీ వాళ్ళు ఈ ముక్క వాళ్ళ పేపర్లో రాసుకోవచ్చు, ఫ్రీగా చెప్తాండా.

రిజల్ట్ ఆరు వారాలకి మెయిల్లో వచ్చింది. మా పాప, అల్లుడు, మనవరాలు అందరూ ల్యాప్‌టాప్ చుట్టూ చేరినారు, ఏదో పదో తరగతి రిజల్ట్స్ మాదిరి. 98 శాతం దక్షిణ భారతం. మిగిలిన 2 శాతం శ్రీలంక పక్క. అంతే సంగతి. మ్యాప్ మీద ఒక పెద్ద రంగు ముద్ద, ఆ ముద్ద ప్రొద్దుటూరు మీదా ఉంది, మదురై మీదా ఉంది. 59 డాలర్లకి నేను సౌత్ ఇండియన్ అని తేలింది. మా వీధి చివర టీ బంకాయన ఇది ఊరికే చెప్తాడు, యా ఊరు, ఎవరి కూతురు, యా ఇంటి కోడలు అనేది కూడా కలిపి చెప్తాడు.

ఇది ఎట్లా పని చేస్తాదో అల్లుడు చెప్తే కొంచెం అర్థమైంది. ఫలానా చోట తరతరాలుగా ఉన్నోళ్ళు అని కొంతమంది శాంపిల్స్ ముందే పెట్టుకోనుంటారంట, మన ఉమ్మిలో ఉండేది వాటితో పోల్చి ఇంత శాతం అక్కడిది, ఇంత శాతం ఇక్కడిది అని అంచనా కడతారు. రక్తంలో దేశం పేరేమీ రాసిపెట్టి ఉండదు. ఆ శాంపిల్స్‌లో యూరప్ వాళ్ళవి దండిగా ఉంటాయి, మనోళ్ళవి తక్కువ, అందుకే వాళ్ళకి నార్వేలో యా పక్కో కూడా చెప్తారు, మనకి ముద్ద. కొత్త శాంపిల్స్ కలిపినప్పుడల్లా అంచనా మారుతాది గాబట్టి మన శాతాలు కూడా మారిపోతాయి. ఇది గుర్తు పెట్టుకోండి, పక్కింటామె కథలో పనికొస్తాది.

ఆమెకి డెబ్బై ఏండ్లుంటాయి, ఒక్కతే ఉంటాది. మేం ఆమెని లెఫ్సమ్మ అంటాం. డిసెంబర్లో ఒకరోజు నన్ను వాళ్ళింటికి పిలిచింది, లెఫ్స అనే నార్వే రొట్టె చేస్తాండా రమ్మని. పోయి చూస్తే ఉడకబెట్టిన ఉర్లగడ్డ, వెన్న, మైదా కలిపి ముద్ద చేసింది, గాట్లు గాట్లు ఉండే అప్పడాల కర్రతో పల్చగా ఒత్తింది, రాగి సంగటి గంగాళం మూతంత పెద్ద కరెంటు పెనం మీద వేసి ఒక పొడుగు పల్చటి కర్రతో తిరగేసింది. నాకు నవ్వాగలే. పూర్ణం లేని ఓళిగ గదమ్మా ఇది! నేను ఒకటి ఒత్తి ఇచ్చినా, చేతి వాటం చూసి ఆమె కండ్లు ఇంతింత చేసుకుని "నీలో నార్వే రక్తం ఉందా" అని అడిగింది, తమాషాకే అనుకోండి. అప్పుడే తెలిసింది ఆమె కూడా ఈ కిట్ చేయించుకుందని, ఫ్రిజ్ మీద మ్యాగ్నెట్‌తో అతికించింది ఆ కాగితం. నార్వే 52, జర్మనీ 27, స్వీడన్ 17, ఐర్లాండ్ 4.

అమెరికాలోనే పుట్టింది, వాళ్ళ అమ్మ, అవ్వ కూడా అక్కడే పుట్టినారు, నార్వే భాష రాదు, ఆ దేశం ఎప్పుడూ చూడలే. అయినా మొదటిసారి కలిసినప్పుడు "ఐ యామ్ నార్వీజియన్" అనింది నాతో. పాస్‌పోర్టు యా దేశం అని అడిగితే అమెరికా అనింది, నేను బిత్తరపోయినా. తర్వాత చూస్తే అక్కడ తెల్లోళ్ళు చాలామంది అంతే. ఐరిష్ అంటారు, ఇటాలియన్ అంటారు, పోలిష్ అంటారు. అమెరికా జనాభా లెక్కల్లో 1980లో మొదటిసారి మీ పూర్వీకులు యాడోళ్ళు అని అడిగినారంట, 2020లో తెల్లోళ్ళని కూడా పేరు పెట్టి మూలం రాయమంటే ఇంగ్లిష్ అని 4.66 కోట్ల మంది, జర్మన్ అని 4.5 కోట్ల మంది, ఐరిష్ అని 3.86 కోట్ల మంది రాసినారు, ఒక్కరే రెండు మూడు కూడా రాసుకోవచ్చు. ఐర్లాండ్ దీవి మొత్తం మీద ఉండే జనం కంటే అమెరికాలో ఐరిష్ అని చెప్పుకునేటోళ్ళే ఐదు రెట్లు!

మార్చి 17 వచ్చింది, సెయింట్ పాట్రిక్ పండగ, ఐరిష్ వాళ్ళది. షికాగోలో అయితే 1962 నుంచీ నదికే పచ్చరంగు కలుపుతారు. మా లెఫ్సమ్మ ఆ 4 శాతం లెక్కన పచ్చ స్వెట్టర్ వేసుకుని తయారైంది. సరిగ్గా ఆ వారమే ఆమె సొంత చెల్లెలు కిట్ రిజల్ట్ వచ్చింది, అందులో ఐర్లాండ్ సున్నా. ఒకే అమ్మానాయనకి పుట్టిన బిడ్డలకైనా వాటాలు ఒకటే రావు గదా, ఒకరికి ఈ ముక్క వస్తాది, ఇంకొకరికి ఆ ముక్క. కానీ చెల్లెలు ఒప్పుకోలే, నీ కిట్టే తప్పు అని ఫోన్లో ఒకటే గొడవ. ఆ తర్వాత కొన్నాళ్ళకి కంపెనీ అప్‌డేట్ ఇచ్చింది, ఈమె 4 కాస్తా 1 అయింది. స్వెట్టర్ ఏం చేసిందో అడగలే నేను.

నవ్వుతాండా గానీ ఆమె కథ వింటే కొంచెం మనసు కలుక్కుమంటాది. నార్వే నుంచి 1825లో స్టవాంగర్ ఊరి నుంచి మొదటి ఓడ, ఆ తర్వాత నూరేళ్ళలో 8 లక్షల మందికి పైగా అమెరికాకి వచ్చినారు. అక్కడ దున్నే నేల తక్కువ, పొలం పెద్దకొడుక్కి, మిగతా కొడుకులు ఓడెక్కాల్సిందే. మన రాయచోటి, రాజంపేట పక్క నుంచి కువైట్‌కి పోయినట్టే అనుకోండి, కాకపోతే వీళ్ళకి అమెరికాలో 1862 చట్టం కింద 160 ఎకరాలు దొరికే దారుండేది, ఆ నేల అంతకు ముందు అక్కడి ఆదివాసులది అనేది వేరే కథ. ఈమె అవ్వ వాళ్ళది అయోవా రాష్ట్రంలో డెకోరా అనే ఊరు. మొదటి ప్రపంచ యుద్ధం టైంలో, 1918 మే నెలలో, అయోవా గవర్నర్ విలియం హార్డింగ్ ఆర్డరేసినాడంట, బడిలో, రైల్లో, ఫోన్లో, నలుగురు కూడే యాడైనా ఇంగ్లిష్ తప్ప ఇంకో భాష మాట్లాడకూడదని. గుళ్ళో ప్రార్థన కూడా ఇంగ్లిష్‌లోనే. జర్మన్ వాళ్ళ మీద కోపంతో పుట్టిన ఆర్డరు, నార్వే వాళ్ళకీ డెన్మార్క్ వాళ్ళకీ కూడా తగిలింది. అప్పటికి అవ్వకి పదమూడేళ్ళు. ఇంట్లో ఆ భాష అట్లా చిన్నగా ఆగిపోయింది. మిగిలింది ఒకటే, అన్నం ముందర చెప్పే ప్రార్థన. లెఫ్సమ్మ దాన్ని గడగడా చెప్పింది నాకు, మాట మాటకీ అర్థం అడిగితే తెలీదనింది. మనం పూజలో సంకల్పం చెప్పుకోమా, సగం మందికి అర్థం తెలుసునా ఏంది.

ఇంకోటి చెప్పింది, అక్కడ నేను స్టారు పెంచినా. పాతకాలం నార్వేలో ఇంటిపేరంటే ఆ మనిషి ఉండే పొలం పేరంట. పొలం మారితే పేరూ మారేది, 1923లో చట్టం వచ్చినాకే ఒకటే ఇంటిపేరు అని స్థిరమైంది. మన ఇంటిపేర్లు సగం ఊర్లవే గదా, ఎప్పుడో వదిలేసి వచ్చిన పల్లె పేరు మన పేరు ముందర మోస్తాండాం. అక్కడ ఊరూరికీ పుస్తకాలున్నాయంట, యా పొలంలో ఎప్పుడు ఎవరుండిరి అని. మనకీ మెకంజీ అనే తెల్లదొర రాయించిన కైఫీయత్తులు, అంటే ఊరూరి చరిత్రలు, ఉండాయి, కడప సీపీ బ్రౌన్ లైబ్రరీ వాళ్ళు మన జిల్లావి అచ్చేసినారు కూడా, మనం చదవం గానీ.

ఇంక యాప్ సంగతికి వస్తా. బంధువులు అని ఒక పేజీ ఉంటాది, మన డీఎన్ఏతో కలిసినోళ్ళ లిస్టు. లెఫ్సమ్మకి వేలమంది. నాకు పట్టుమని పదిమంది లేరు, అందులో న్యూజెర్సీలో ఒక పిల్లోడు నాకు సెకండ్ కజిన్, అంటే ముత్తాత ఒకరే అయినంత దగ్గర, అని చూపించింది. మెసేజ్ పెట్టి తీగ లాగితే వాళ్ళది మైదుకూరు పక్క పల్లె, మా నాయన వైపు నుంచి చూస్తే వరసకి మనవడు, మా అమ్మ వైపు నుంచి చూస్తే తమ్ముడు అవుతాడు, యా పక్క నుంచి చూసినా చానా దూరం చుట్టరికం. మరి సెకండ్ కజిన్ ఎట్లా అయినాడు? మేనరికాలు స్వామీ. మా అమ్మని సొంత మేనమామకే ఇచ్చినారు, ఆ వైపు వాళ్ళూ అంతే. తిరిగి తిరిగి అవే ఇండ్లల్లో పెండ్లిండ్లు చేసుకుంటే చిన్న చిన్న డీఎన్ఏ ముక్కలు నాలుగు దార్లలో వస్తాయి, యాప్ పాపం అంతా కూడేసి దగ్గర బంధువు అనుకుంటాది.

అసలు ఆ కజిన్ అనే మాటతోనే నాకు పేచీ. మేనత్త కొడుకూ కజినే, పెదనాయన కొడుకూ కజినే! ఒకాయన బావ, పెండ్లి చేసుకోవచ్చు, ఇంకొకాయన అన్న, ఆ మాట అంటేనే చెంపలేసుకోవాల. ఈ కంపెనీ వాళ్ళకి వరస అనేదే తెలీదు. సంబంధాలు చూసేటప్పుడు దీన్ని నమ్ముకుంటే కొంపలంటుకుంటాయి. ఒక స్టారు ఇక్కడ పోయింది. పైగా మన చుట్టరికం అంతా రక్తంతోనే ఉంటాదా? ఉగాది రోజు దేవుని కడప వెంకన్న గుడికి పోయి చూడండి, ముస్లింలు టెంకాయలు పట్టుకుని లైన్లో నిలబడింటారు, బీబీ నాంచారమ్మ మా ఆడపడుచు, ఆమెని చేసుకున్న స్వామి మా అల్లుడు అని. దీనికి యా గొట్టంలో ఉమ్మాల?

నా చిన్నప్పుడు కోతలైనాక మా వీధికి ఒకాయన వచ్చేటోడు, పిచ్చిగుంట్లాయన అనేటోళ్ళం, ఇప్పుడు గవర్నమెంటు ఆ కులానికి వంశరాజ్ అని పేరు మార్చింది, మంచి పని చేసింది. అరుగు మీద కూచుని మా గోత్రం మొదలుపెట్టి ముత్తాత తాత దాకా పాడేటోడు, ఎవరు యా ఊరి నుంచి వచ్చినారు, ఎవరు యా బాయి తవ్వించినారు అని. ఒకసారి ఆ వరసలో మేం ఎన్నడూ వినని పేరొకటి చదివినాడు. మా తాత టక్కున లేచి లోపలికి పోయినాడు. తర్వాత మా అవ్వ చెప్పింది, ఆయన తాతకి తమ్ముడంట, ఏదో గొడవ పడి బళ్ళారి పక్కకి పోయి మళ్ళా రాలేదంట, ఇంట్లో ఆ పేరు ఎత్తేది లేదంట. చేటెడు జొన్నలకి అంత సమాచారం. 59 డాలర్లకి నాకు మ్యాప్ మీద ముద్ద వచ్చింది.

మార్చిలోనే మా మనవరాలి స్కూల్లో హెరిటేజ్ డే అని పెట్టినారు. ఒక్కో బిడ్డ అట్ట మీద వాళ్ళ మూలాల గురించి బొమ్మలేసి తేవాల. పక్క సీటు పిల్లోడు నాలుగు జెండాలేసినాడు, స్కాట్లాండ్, పోలండ్, జర్మనీ, ఇంకోటి ఏందో. మా పిల్ల ఎర్రకారం దోశ వేసింది, కింద కడప అని తెలుగులో రాసిచ్చింది నేనే. బాగుందని అందరూ మెచ్చుకున్నారు. గానీ అక్కడ ఒకామె మా పిల్లని "నువ్వు అసలు యాడ నుంచి" అని అడిగింది, ఈ ఊర్నుంచే అంటే "అదిగాదు, అసలు" అని మళ్ళా అడిగింది. ఆ నాలుగు జెండాల పిల్లోణ్ణి ఎవరూ అడగలే. మా పిల్ల పుట్టింది ఆ స్కూలుకి రెండు మైళ్ళ దూరంలో ఉండే ఆస్పత్రిలో.

దీని మీద మా అల్లుడు తాను చదివిందొకటి చెప్పినాడు. హెర్బర్ట్ గాన్స్ అని ఒక సోషియాలజీ ఆయన 1979లో రాసినాడంట, అక్కడి తెల్లోళ్ళకి ఈ మూలాలు ఒక గుర్తు లాంటివి, పండగకి తీసి పెట్టుకుని మళ్ళా పెట్టెలో పెట్టేస్తారు, రోజూ బతికేదానికి అడ్డం రావు అని. మేరీ వాటర్స్ అనే ఆమె 1990లో ఇంకా సూటిగా చెప్పింది, నాలుగు మూలాలుంటే నచ్చింది ఎత్తుకోవచ్చు, నచ్చకపోతే వదిలేయొచ్చు, ఆ వెసులుబాటు రంగున్నోళ్ళకి లేదు అని. ఎవరు తెల్లోళ్ళు అనే ఆ గీత కూడా ఎప్పుడూ ఒకే చోట లేదంట. తర్వాత అమెరికా దేశాన్ని నిలబెట్టినోళ్ళలో ఒకడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1751లో జర్మన్లనీ స్వీడన్ వాళ్ళనీ కూడా చామనఛాయోళ్ళ లెక్కలో వేసినాడు! స్వీడన్ వాళ్ళు నలుపైతే మనం ఏందో మరి. 1923లో భగత్ సింగ్ థింద్ అని పంజాబాయన సిటిజన్‌షిప్ కోసం సుప్రీం కోర్టు దాకా పోతే, మామూలు జనం తెల్లోడు అనుకునే లెక్కలో నువ్వు రావు అని కొట్టేసినారు.

నేను అప్పటిదాకా ఇది మా ఊరి గోల మాత్రమే అనుకుంటి. మన పక్క ఇంటిపేరు చెప్పంగానే మనిషి మొత్తం తెలిసిపోతాది, ఇల్లు అద్దెకిచ్చేదానికీ సంబంధం మాట్లాడేదానికీ, ఆఖరికి పెండ్లిలో యా బంతిలో కూచోబెట్టాలో దానికీ అదే. వదిలేద్దామన్నా వదలదు. టీచరుగా ఉన్నప్పుడు కొత్త ఊరికి ట్రాన్స్‌ఫర్ అయితే మొదటి రోజు స్టాఫ్ రూమ్‌లో "మీరేమిటోళ్ళు" అనే ప్రశ్న తిప్పి తిప్పి అడిగేటోళ్ళు. లెఫ్సమ్మకి ఇది చెప్తే "ఎంత అదృష్టం, మీకు అందరికీ మీ మూలాలు తెలుసు" అనింది. ఎట్లా చెప్పేది ఆమెకి? నాకు మాటలు రాలే, ఇంకో లెఫ్స తిన్నా.

మేం వచ్చేసినాక జూన్‌లో ఆమె నార్వే పోయింది. కిట్ చూపించిన పక్క, ఊరి పుస్తకంలో పొలం పేరు, రెండూ పట్టుకుని ఆ పొలం దాకా పోయిందంట. ఫోటోలు మా పాపకి పంపితే పాప నాకు పంపింది. ఎర్ర రంగు చెక్క గోడౌన్, పక్కన కారు, వెనక కొండ. ఇప్పుడు ఉండే వాళ్ళు ఎవరో వేరేవాళ్ళు, కాఫీ ఇచ్చినారంట. లెఫ్సమ్మ "మా అవ్వ వాళ్ళది ఈ పొలమే, నేనూ నార్వీజియన్" అని చెప్తే ఆ ఇంటాయన ఎంతో మర్యాదగా "ఓ, అమెరికా నుంచి వచ్చినారా" అన్నాడంట. ఆ ముక్క వాయిస్ మెసేజ్‌లో చెప్తా నవ్వింది, ఏడ్చింది కూడా అనుకుంటా, గొంతు అట్లా ఉండింది. ఆ పొలం గట్టు నుంచి ఒక గులకరాయి తెచ్చుకుందంట, ఫ్రిజ్ మీద కాగితం పక్కన పెట్టిందంట. అర స్టారు ఆ రాయికి.

కొనేటోళ్ళకి ఒకటి రెండు ముక్కలు. ఆరోగ్యం రిపోర్టు కావాలా అని వారానికోసారి మెయిల్ పెట్టి ప్రాణం తీస్తారు, అది వేరే డబ్బులు. ఇంకోటి, 2023లో ఇట్లాంటి కిట్లు అమ్మే ట్వంటీ త్రీ అండ్ మీ అనే పెద్ద కంపెనీలో దొంగలు పడి 69 లక్షల మంది వివరాలు పోయినాయి, బంధువుల పేజీ ఆన్‌లో పెట్టుకున్నోళ్ళ దారిలోనే చానా వరకు పోయినాయంట, 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు, ఉమ్మి మార్చుకోలేం గదా. నేనైతే ఆ న్యూజెర్సీ పిల్లోడి నంబర్ రాసుకుని, బంధువుల పేజీ ఆఫ్ చేయించి, శాంపిల్ పారేయమని రిక్వెస్ట్ పెట్టించినా, సెట్టింగుల్లో అట్టడుగున ఉంటాది ఆ బటన్, వెతుక్కోవాల.

మా ఆయన కిట్ ఇంకా మా పాప అల్మారాలో సీలు తీయకుండా ఉండాది. మిన్నెసోటాలో మనోళ్ళెవరికైనా కావాలంటే కింద కామెంట్ పెట్టండి, సగం ధరకి ఇస్తామంటాంది మా పాప. డబ్బా అడుగున ఎక్స్‌పైరీ డేట్ ఉంటాది, అది మాత్రం చూసుకోండి.